హిల్డా బిగించిన పట్టీ

అమ్మాయ్ గ్వెన్, ఆ స్క్రూడ్రైవరు అలా పక్కన పెట్టమ్మా. అలమరలోంచి తీసిన ఆ ముక్కకి బోల్టు బిగించకు. వదులైందని నాకూ తెలుసు, ఉండనీ. ఇంతకీ నువ్వేదో అడిగావ్... ఆఁ, మీవాడికి కొన్న ఈ కొత్త మెకానో పెట్టె ఎలా ఉందని కదూ. ఏం చెప్పమంటావ్, అట్టమీద బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. లోపలి సామానే, ఆ ఒక్క రేసుకారుకి తప్ప ఎందుకూ పనికిరాదు. మా రోజుల్లో మెకానో అంటే బోల్టులతో బిగించే ఇనప పట్టీ ఒకటే, అర అంగుళానికో బెజ్జం. దాంతోనే వంతెన, దాంతోనే గడియారం, విసుగొస్తే విప్పేసి మగ్గం. ఇప్పుడేమో వంపు తిరిగిన ప్లాస్టిక్ ముక్కొకటి ఇస్తారు, అది కారు మూతి అవుతుంది, చచ్చేదాకా మూతిగానే ఉంటుంది. పైగా ఈ బోల్టులు చూడు, తలమీద స్క్రూడ్రైవరు పెట్టే గాడే లేదు, ఆరు పలకల గుంట. గాడి లేకపోతే ఎవడు బిగించాడో ఎలా తెలుస్తుంది? విల్ఫ్ ఉంటే ఈ పెట్టెని పెట్టెలాగే మెర్సీ నదిలో పారేసి వచ్చేవాడు.

విల్ఫ్ నీకెలా తెలుస్తాడులే, వాడు పోయేసరికి నువ్వు చంటిపిల్లవి. విల్ఫ్రెడ్ ఐన్స్కో అని, మా మెకానో క్లబ్బులో ఉండేవాడు. శనివారాలు చర్చి హాల్లో కలిసేవాళ్ళం, ఎవడి బొమ్మ వాడు బల్లమీద పెట్టుకుని. ఈయనగారు చేతులు వెనక్కి కట్టుకుని పోలీసువాడిలా బల్లల మధ్య తిరిగేవాడు. "కోసిన పట్టీ, పొడిచిన బెజ్జం, వంచిన రేకు, ఇవి పెడితే అది మెకానో కాదు, తుక్కు" అని ఆ గొంతుతో అంటుంటే పాదిరీగారు కూడా పక్కకి తప్పుకునేవాడు. వాడికింకో పిచ్చి ఉండేది. బోల్టులన్నీ బిగించాక తలమీద గాడులన్నీ పట్టీ పొడుగునా ఒకే వైపుకి తిప్పి పెట్టేవాడు. ఆ పిచ్చి మాలో చాలామందికి ఉంది అనుకో, కానీ జనానికి కనపడే వైపే చేస్తాం. వీడు లోపల, అడుగున, ఎలక్కి కూడా కనపడని చోట తిప్పేవాడు. "చూసేదెవడ్రా?" అంటే "నేను" అనేవాడు. అంతే, ఇంకో మాట ఉండదు.

ఓసారి నేను ట్రాము చేశాను. చక్కటి ట్రాము, పచ్చది. దాని కడుపులో ఎక్కడో ఒక రేకుకి ఒక్కటంటే ఒక్క బెజ్జం పొడిచాను, లేకపోతే మోటారు కూర్చోదు. అది తప్పని నేనిప్పటికీ ఒప్పుకోను. వాడు వంగి చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఆర్నల్డ్, నువ్వు కూడానా?" అన్నాడు. ఆ తర్వాత రెండు చలికాలాలు నాతో మాట్లాడలేదు. ఒకే రెండంతస్తుల బస్సెక్కేవాళ్ళం, నేను కిందుంటే వాడు మెట్లెక్కి పైకి పోయేవాడు. ఏమిటి నవ్వుతావ్? నాకు ఒళ్ళు మండిపోయేది. నాకున్నది వాడొక్కడే స్నేహితుడు మరి.

సరే, ఎందుకు చెబుతున్నానంటే... వాడు పోయాక మా క్లబ్బు క్లిఫర్డూ నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. మాలో ఎవడన్నా పోతే మిగతావాళ్ళం వెళ్ళి వాడి బొమ్మలన్నీ విప్పి, పట్టీలు పట్టీల్లో, చక్రాలు చక్రాల్లో డబ్బాలకి సర్ది ఇస్తాం. పాపం వాళ్ళావిడ అమ్ముకోవాలన్నా ఎవరికన్నా ఇవ్వాలన్నా తేలిగ్గా ఉంటుందని. మా దృష్టిలో అదే దండ వెయ్యటం. ముందుగదిలో రేవు క్రేను ఉండేది, వాడు చేసిన ఆఖరిది. చెరో పక్కా కూర్చుని విప్పుతున్నాం. క్లిఫర్డు "ఇదేమిట్రా?" అన్నాడు. చూస్తే క్రేను మెడ లోపల ఒక పట్టీ. పట్టీ కాదది. బిస్కెట్ల డబ్బా మూత కత్తెరతో కోసి, రెండు మడతలేసి, మేకుతో బెజ్జాలు పొడిచి, ఆకుపచ్చ రంగు పూశారు. వెనకవైపు రంగు అంటలేదు, మూతమీది బొమ్మలో గుర్రం కాళ్ళు కనిపిస్తున్నాయి. విల్ఫ్ ఐన్స్కో క్రేన్లో!

అప్పుడే హిల్డా, వాళ్ళావిడ, టీ పట్టుకొచ్చింది. చూసి ట్రే అక్కడే పెట్టేసింది. "అది నేను పెట్టిందే" అంది. వాడు గుండెల్లో నెమ్ముతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు దుమ్ము దులుపుతుంటే క్రేను పడి మెడ విరిగిందట. ఆ డబ్బాల్లో ఏది ఏమిటో తెలీక ఇంట్లో దొరికిందాంతో చేసి బిగించిందట. "ఇంటికొచ్చాక ఏడాది బతికాడు ఆర్నల్డ్. రోజూ సాయంత్రం ఆ క్రేను తిప్పేవాడు. నేను పక్కన అల్లుకుంటూ, ఇవాళ చూస్తాడు, ఇవాళ చూస్తాడని చచ్చేదాన్ని. నిజం చెప్పు, ఆయనకి తెలుసా? లేక మోసం చేసి పంపించానా నేను?"

ఆ పట్టీకి నాలుగు బోల్టులు. క్లిఫర్డు అప్పటికే రెండు పీకి డబ్బాలో పడేశాడు. మిగిలిన రెండూ చూశాను. గాడులు రెండూ పట్టీ పొడుగునా, ఒకే వైపు. "హిల్డా, గాడులు నువ్వే తిప్పావా?" అన్నాను. "గాడులంటే ఏవి?" అంది. ఇంకేం కావాలి, తిప్పింది వాడే. "తెలుసమ్మా. తెలిసే ఊరుకున్నాడు" అన్నాను. ఆవిడ కుర్చీలో కూలబడి ఏప్రను మొహానికి అడ్డం పెట్టుకుంది. వెళ్ళేటప్పుడు ఆ పట్టీ ఉన్న మెడ ముక్కని అలాగే, ఆ రెండు బోల్టులూ విప్పకుండానే, నా చేతిలో పెట్టింది. ఇదిగో, ఇందాక నువ్వు బిగించబోయింది.

బయటికొచ్చాక క్లిఫర్డు "రెండు బోల్టులు ఒకే వైపుంటే ఏమంత వింతరా? ఊరికే కూడా ఉంటాయి. నాలుగూ ఉంటే నమ్ముతా" అన్నాడు. "మిగతావి నువ్వే పీకావు కదరా, ఎటున్నాయి?" అన్నాను. "చూళ్ళేదు" అన్నాడు. చూళ్ళేదట. అదిగో, అప్పట్నించీ నాకు తెగట్లేదు. విల్ఫ్ ఆ పట్టీ చూడలేదంటే, అంత కళ్ళున్నవాడు చూపు పోయి, ఎవరికీ చెప్పకుండా చీకట్లో క్రేను తిప్పుకుంటూ పోయాడన్నమాట. అది తల్చుకోలేను. చూశాడంటే... చూసి, ఆ బిస్కెట్ డబ్బా ముక్కకి కూడా గాడులు సరిచేసి, నోరు మెదపకుండా ఊరుకున్నాడంటే... మరి నా ఒక్క బెజ్జానికి రెండు చలికాలాలు ఎందుకు? వాళ్ళావిడా నేనూ ఒకటేనా అంటావ్. కాదులే, ఎలా అవుతాం. అయినా అడగాలనిపిస్తుంది. ఎవర్ని అడగను?

ఏదీ, ఇలా వెలుగులోకి పట్టు. ఈమధ్య ఆ రెండో బోల్టు కాస్త తిరిగినట్టుంది. నువ్వు తిప్పావా? లేదు కదూ. అలమర ఊగి ఊగి తిరిగిందో, మొదట్నుంచీ అంతేనో, నా కళ్ళే అలా ఉన్నాయో. నీ కళ్ళు మంచివి, సరిగ్గా చూసి చెప్పు. రెండూ ఒకే వైపున్నాయా?

వద్దులే, చెప్పకు. అక్కడ పెట్టెయ్. కెటిల్ ఈల వేస్తోంది చూడు.