ఖాళీ గడి

శుక్రవారం పొద్దున, దోహాలో ముషైరిబ్ దగ్గర ఒక ఫ్లాట్. నార్వే చర్చిల పాత రిజిస్టర్లు చదివి, అమెరికాకు వలసపోయిన కుటుంబాలకు వంశవృక్షాలు రాసిచ్చే ధాత్రి ఇల్లు అది. మెసయీద్‌లో పనిచేసే అమెరికన్ ఇంజనీరు బ్రెక్కె కోసం ఆమె రాసిన కాగితాలు తీసుకుపోవడానికి ఆయన డ్రైవరు హన్మాండ్లు వచ్చాడు.

“...అందుకని నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నాను. ఇంత పొద్దున్నే వచ్చేశారేంటి?”

“సార్ పొమ్మన్నడు మేడం. కింద కార్లనే ఉన్నడు.”

“కిందా? మరి పైకి రమ్మనకపోయారా?”

“రమ్మన్న. రానన్నడు. మెట్లెక్కుడంటే...”

“లిఫ్ట్ ఉందిగా.”

“ఉన్నది. నేను తీస్కపోత గదా, ఇయ్యుండ్రి.”

“ప్రింటు తీయాలి, కూర్చోండి. ఇదిగో, టీ తాగండి.”

“అయ్యో, నిండ పోసిన్రు.”

“ఏం, తాగరా?”

“తాగుత. సగం పోసుడే అలవాటైంది, అందుకన్న.”

“సార్ ఎలా ఉన్నారు?”

“మంచిగనే.”

“నిజం చెప్పండి.”

“మీరు మొదలిచ్చిన కాయితం చదివినకాడికెల్లి మాట తక్కువ చేసిండు. నిన్న కార్ల బిడ్డతోని మాట్లాడిండు, అమెరికాకు. ఆ పిల్లకు మూడో నెల. ఉంచుకోవాల్నా వద్దా అని అడుగుతున్నదట. నాకు అంత ఇంగ్లీష్ రాదు గని, ఏడుపు అర్థమైతది గదా.”

“ఉంచుకోమని చెప్పమనండి. హన్మాండ్లు గారూ, వంశంలో జబ్బుందని రాసిన ఆ కాగితం తప్పు. తప్పు నాదే.”

“తప్పా?”

“మీ సార్ ముత్తాత ఊలె. పంతొమ్మిదేళ్ళప్పుడు నార్వేలో ఓడెక్కాడు. పోలీసుల వలస రిజిస్టర్లో ఊలె బ్రెక్కె అని ఉంది. వాళ్ళ ఊరి జనాభా లెక్క తీస్తే, బ్రెక్కె అనే రైతు ఇంట్లో ఉన్నాడు. ఇంటిపేరు ఒకటే కదా అని ఆ రైతు కొడుకనుకున్నాను.”

“ఎవలైన గట్లనే అనుకుంటరు. ఇంటిపేరు ఇంకొకనికి ఎట్లొస్తది?”

“మనకి రాదు. అక్కడ వస్తుంది. బ్రెక్కె అనేది ఆ పొలం పేరు. ఆ పొలంలో ఎవరుంటే వాళ్ళందరికీ అదే, పాలేరుకీ, పనిమనిషికీ. పొలం మారితే పేరూ మారుతుంది. ఈ సంగతి నేను చదువుకున్నాను కూడా. అయినా ఇంటిపేరు కనబడగానే ఇంకేమీ చూడలేదు.”

“మరి మతి పోయి సచ్చిన ఆ నలుగురు?”

“ఆ రైతు, ఆయన అన్న, తండ్రి, తాత. నలభై దాటాక చేతులు వాటంతటవే ఎగిరిపడటం, తర్వాత మనుషుల్ని గుర్తుపట్టకపోవడం. చావుల రిజిస్టర్లో పాస్టరు ప్రతిసారీ అవే మాటలు రాశాడు.”

“సార్‌కు నలభై ఏడు.”

“తెలుసు. కానీ వాళ్ళు మీ సార్ మనుషులే కారు. ఊలె తల్లి వేరే ఊరినుంచి ఆ ఇంటికి పనికి వచ్చింది. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళ పట్టీలో ఆమె పేరు నిన్న దొరికింది.”

“అంటే జబ్బు మాఫీ?”

“మాఫీ.”

“మంచిది.”

“సంతోషపడతారనుకున్నాను.”

“సంతోషమే. ఆ జబ్బు మొదలు యాడ కనవడతది మేడం?”

“వేళ్ళలో. ఎందుకు?”

“ఊర్కెనే. ఏ చెయ్యి?”

“ఏదైనా. ఎందుకడుగుతున్నారు?”

“ఊర్కెనే అన్న గదా. ఆ తల్లి పనికి వచ్చిననాడు పిల్లగాడు సంకల ఉన్నడా?”

“లేడు.”

“మరి?”

“మరుసటేడు పుట్టాడు. ఆ ఇంట్లోనే.”

“తండ్రెవలు?”

“బాప్తిస్మం రిజిస్టర్లో ఆ గడి ఖాళీ.”

“పాస్టరు అడగలేదా?”

“అడిగే ఉంటాడు. ఆమె చెప్పలేదు. బిడ్డ తరఫున సాక్షిగా ఆ రైతు నిలబడ్డాడు. అందులో ఏమీ లేదు, పనిమనిషి బిడ్డకి యజమాని నిలబడటం మామూలే.”

“అది ఈ కాయితంల రాసిన్రా?”

“అక్కర్లేదనిపించింది.”

“ఆ.”

“అలా ‘ఆ’ అనకండి.”

“ఏమన్లేదు మేడం. సార్ వాళ్ళ నాయినకు, తాతకు రాలే గదా?”

“రావడానికి బతికితేగా. ముత్తాత రంపపు మిల్లులో పోయాడు, తాత యుద్ధంలో, తండ్రి రోడ్డు మీద. ఒక్కరూ నలభై చూడలేదు. వంశంలో నలభై దాటినవాళ్ళకి ఏమైందో తెలుసుకోవడానికేగా ఆయన నా దగ్గరికి వచ్చింది.”

“ఆ రైతు రక్తం గాకుంటె రాదు.”

“రాదు.”

“వస్తే?”

“వస్తే ఆ గడిలో ఎవరి పేరు రాయాలో తెలిసిపోతుంది. రాలేదు కదా. మీ ఫోన్ మోగుతోంది.”

“సారే. ఆ సార్, కమింగ్ సార్, టూ మినిట్స్... బిడ్డ లైన్ల ఉన్నదట.”

“తీసుకెళ్ళండి మరి. అమ్మాయికి ఇప్పుడే చెప్పమనండి. ఈ మూడు వారాల్లో ఆయనకి చెయ్యి కదిలినట్టు అనిపించి ఉంటే, అది ఉత్త భయమని నా మాటగా చెప్పండి. మనసు అంతే. జబ్బుకి పేరు పెట్టి చెబితే లేనిది కూడా ఒంట్లోకి వచ్చి కూర్చుంటుంది. నా కాగితం చదివాక మొదలైందైతే అది జబ్బు కాదు.”

“చదివినంక మొదలైతే.”

“అవును. వెళ్ళండి.”

“పోత. ఇయ్యమన్నరు, ఇస్త.”

“మరి లేవరేం?”

“ఎవలకు చెప్పనని సార్ నాతోని ఒట్టేయించుకున్నడు మేడం. కంపెనీకి తెలిస్తే ఇద్దరం ఇంటికే.”

“ఏం చెప్పనని? హన్మాండ్లు గారూ, ఏం చెప్పనని?”

“మీ కాయితం వచ్చి మూడు వారాలు. మీద ఒలకవోసుకుంటడని, సార్‌కు నేను సగం గ్లాసే చాయ్ పోయవట్టి రెండేండ్లు.”