విరిగిన పాలకు కారణం అడిగిన రుక్మిణమ్మ గారు

1988 ఆగస్టు 17, బుధవారం ఉదయం, కౌండిన్య పాడి రైతుల సహకార సంఘం వారి పలమనేరు పాలశీతల కేంద్రంలో ప్రయోగశాల సహాయకురాలిగా శ్రీమతి రుక్మిణమ్మ గారు విధులలో చేరారు. చేరిన నాడే, తమ చేతికిచ్చిన నియామక పత్రంలోని తేదీని గోడ మీది క్యాలెండరుతో సరిచూసుకొని గాని వారు సంతకం చేయలేదని నాటి సహోద్యోగులు నేటికీ చెప్పుకుంటారు. వారి పదవీ విరమణ సందర్భంగా వెలువడుతున్న ఈ సంచిక కోసం ఆ సంగతి వారినే అడుగగా, “ఎవరు సెప్పినారు మీకు? వాళ్ళప్పుడు ఆడ ఉండారా?” అని ఎదురు ప్రశ్న వేశారే తప్ప ఔననలేదు, కాదనలేదు.

నాణ్యత పరీక్షకులకు శ్రద్ధ, ఓర్పు, నిష్పాక్షికత అవసరమని మన సంఘం నియమావళి నిర్దేశిస్తున్నది. రుక్మిణమ్మ గారు వాటికి తమ స్వంత సద్గుణమొకటి జోడించారు, అది అనుమానం. క్యాను మూత తీసి వాసన చూసేటప్పుడు వారి కనుబొమలు ముడిపడ్డాయంటే, ఆ పాలు తెచ్చిన పెద్దమనిషి పంచె సర్దుకోవడం మొదలుపెట్టేవాడు. నీళ్ళు, చక్కెర, ఉప్పు, యూరియా, ఒకటేమిటి, కలపగలిగినవన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు కలిపే ఉంటారన్నది వారి దృఢ విశ్వాసం. అమ్మమ్మా, ఆ చూపు ముందు నిర్దోషులు సైతం తడబడేవారు! ఇది రాస్తున్న మాకూ ఆ అనుభవం ఉన్నది.

1999లో పర్యవేక్షకురాలిగా పదోన్నతి పొంది ఏర్పేడు పరిసర గ్రామాల సేకరణ కేంద్రాల బాధ్యతను స్వీకరించిన వారు, అక్కడి సిబ్బందికి నేర్పిన మొదటి పాఠం విరిగిన పాలను గురించినది. పరీక్షనాళికలో కాచినప్పుడు పాలు విరిగితే, “నిలవ పాలు” అని ఒక్క మాట రాసేసి పారబోయడం అంతవరకూ వాడుక. రుక్మిణమ్మ గారు దాన్ని సహించలేదు. తోమని క్యాను కావచ్చు, ఎండలో నిలిచిపోయిన ఆటో కావచ్చు, ఆవుకు పొదుగువాపు కావచ్చు, ఈనిన తొలినాళ్ళ జున్నుపాలు కలిసి ఉండవచ్చు. “విరిగినాయనేది మనకు కనిపించేది. ఎందుకు విరిగినాయనేది మనం కనుక్కోవాల్సింది. రెండూ కలిపేసి ఒగటే పేరు పెడితే ఆ ఆవుకు వైద్యం జేసేదెవరు?” అని నిలదీసేవారు. 2011లో తిరుపతి ప్రధాన కర్మాగారంలో నాణ్యత నియంత్రణ విభాగాధిపతిగా బాధ్యతలు స్వీకరించిన తరువాత కూడా వారీ పద్ధతిని మార్చుకోలేదు.

ఇక వారి గృహజీవితానికి సంబంధించిన ఒక ఘట్టాన్ని, వారి అనుమతితోనే, ఇక్కడ ప్రస్తావిస్తున్నాము.

వారి భర్త శ్రీ గంగాధరం గారు బంగారుపాళ్యం దగ్గర మామిడితోట గల రైతు. అంటు కట్టడంలో చేయి తిరిగిన వారు. ఎవరేం చెప్పినా నమ్మే సాధుస్వభావులు కావడంతో, ఆయన పడవలసిన అనుమానం కూడా ఇన్నేళ్ళూ ఇల్లాలే పడుతూ వచ్చారు. మూడేళ్ళ క్రితం ఒక ఉదయం తోటలో, ఒక చేత కత్తి, మరొక చేత అంటుపుల్ల పట్టుకొని నిలబడి, “రుక్మిణీ, దీన్ని ఏం జెయ్యాల?” అని ఆయన అడిగారు. పరిహాసమనుకొని ఆమె నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆ తరువాత అడిగిందే అడగడం, తెలిసిన పని మధ్యలో ఆగిపోవడం ఎక్కువయ్యేసరికి, ఆయన తమ్ముడు బాలసుబ్రమణ్యం గారు ఇంటికి వచ్చి తీర్పు చెప్పేశారు.

“వదినా, ఇది ఆల్జైమరే. నేను ఫోన్లో సూసినా. డిమెన్షియా అన్నా అదే, ఆల్జైమర్ అన్నా అదే. దీనికి మందు లేదు. ఊరికే ఆస్పత్రుల సుట్టూ తిప్పి ఆయన్ని అగసాట్లు పెట్టొద్దు.”

“రెండూ ఒగటే అయితే రెండు పేర్లెందుకు పెట్టినారప్పా?”

“ఏమో వదినా, డాక్టర్ల గోల మనకేం దెలుసు.”

“తెలీనప్పుడు డాక్టర్నే అడుగుదాం పద” అని ఆమె చీరకొంగు దోపుకొని లేచారు.

తిరుపతిలోని నరాల వైద్యురాలు డాక్టర్ శ్రీవేద గారి ఎదుట, బాలసుబ్రమణ్యం గారి సాక్షిగా, అదే ప్రశ్న మళ్ళీ వేశారు. వైద్యురాలు ఓపికగా చెప్పారు. “డిమెన్షియా అనేది ఒక జబ్బు పేరు కాదమ్మా, ఒక స్థితి పేరు. జ్ఞాపకం, మాట, ఆలోచన దెబ్బతిని, రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితి. దానికి కారణాలు చాలా ఉంటాయి. ఎక్కువమందిలో కారణం ఆల్జైమర్స్ జబ్బు. కొందరిలో మెదడు రక్తనాళాలు దెబ్బతిని వస్తుంది. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ తగ్గినా ఇలాగే కనిపించవచ్చు, అది సరిచేయడానికి వీలుంటుంది. పరీక్షలు చేయకుండా ఏ పేరూ పెట్టకూడదు.”

“అంటే మేడం, పాలు విరిగినాయనేది డిమెన్షియా. విరగడానికుండే కారణాల్లో ఆల్జైమర్ ఒగటి. అంతేనా?”

“అంతే. కాకపోతే విరిగిన పాలు మళ్ళీ బాగుకావు. కొన్ని కారణాలతో వచ్చే మరపును బాగుచేయగలం.”

ఆ చివరి మాటను రుక్మిణమ్మ గారు గట్టిగా పట్టుకున్నారు. రక్తపరీక్షలో బి12 బాగా తగ్గినట్టు తేలింది. సూదిమందు మొదలైంది. రెండు నెలలు గడిచేసరికి గంగాధరం గారు తోటకు వెళ్ళి తమంతట తాము ఒక అంటు కట్టారు. బాలసుబ్రమణ్యం గారు బాదుషాలు పట్టుకొచ్చారు. కార్యాలయంలో మేమంతా సంబరపడ్డాము. రుక్మిణమ్మ గారు మాత్రం బాదుషా చేతిలో ఉంచుకొని, “ఒక క్యాను బాగుంటే ట్యాంకరంతా బాగున్నట్టు గాదు” అన్నారు. ఈ మనిషి సంతోషాన్ని కూడా కాచి చూస్తుందా అని మేము లోలోపల విసుక్కున్న మాట వాస్తవం.

వారి అనుమానమే నిజమైంది. ఏడాది తిరగకముందే గంగాధరం గారు అంటుపుల్ల పెట్టకుండా ఉత్తి కొమ్మకు పట్టీ చుట్టి, బాగా కట్టానా అని అడిగారు. మళ్ళీ పరీక్షలు, మెదడు స్కానింగు, జ్ఞాపకశక్తిని కొలిచే ప్రశ్నలు. “బి12 లోపం ఉన్నది నిజమే, దాన్ని సరిచేశాం. కానీ దాని కింద మరొకటి ఉంది. ఇన్ని చూసిన తరువాత ఇది ఆల్జైమర్స్ అనే అనుకోవాలమ్మా. జోరు కాస్త తగ్గించే మందులున్నాయి, పూర్తిగా మాన్పేవి లేవు” అన్నారు డాక్టర్ శ్రీవేద. జీవితంలో మొదటిసారిగా రుక్మిణమ్మ గారు ఎదురు ప్రశ్న వేయకుండా లేచి వచ్చేశారు.

వాకిట్లో బాలసుబ్రమణ్యం గారు ఉండబట్టలేక, “నేను ముందే సెప్పినా గదా వదినా” అన్నారు.

“సెప్పినావు. తెలిసి సెప్పలేదు” అన్నారామె.

మరునాడు ప్రయోగశాలలో, తమ వద్ద పని నేర్చుకొని నేడు ఆ విభాగాన్ని చేపడుతున్న కుమారి స్టెల్లాతో, “ఇంగ అనుమానం లేదు స్టెల్లా” అని ఒక్క మాట చెప్పి, బల్ల మీద తల ఆన్చి ఏడ్చారు. అంతటి మనిషి అలా ఏడవడం మేమెవరమూ అంతకు ముందు చూడలేదు.

అంతటితో అయిపోలేదు. వ్యాధి ముదిరే కొద్దీ, జన్మలో ఎవరినీ శంకించని గంగాధరం గారికి శంక పట్టుకుంది. అది కూడా ఎవరి మీద? సాక్షాత్తూ రుక్మిణమ్మ గారి మీద! ఒక ఉదయం పాలగ్లాసు నెట్టేసి, “దీంట్లో ఏందో కలిపినావు నువ్వు. నాకు తెలుసు” అన్నారు.

“ఏం మాట్లాడతా ఉండావు నువ్వు? బతుకంతా కల్తీ పట్టినదాన్ని, నీకు కల్తీ పాలు పోస్తానా?” అని ఆమె కేకలు వేశారు. ఆయన మూతి బిగించుకొని గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఆ రోజంతా పాలు గాని, అన్నం గాని ముట్టలేదు. ఆ మరునాడూ అంతే. మనిషి వాడిపోతున్నాడు, మాత్రలు మింగడం లేదు. జబ్బు కంటే ముందు ఈ అనుమానమే ఆయనను తీసుకుపోతుందని రుక్మిణమ్మ గారికి భయం పట్టుకుంది.

మన సేకరణ కేంద్రాలలో ఒక ఆచారమున్నది. కొలతను రైతు శంకిస్తే అతనితో వాదించకూడదు. అతని కళ్ళెదుటే మళ్ళీ పరీక్ష చేసి చూపాలి. మూడోనాడు పొద్దున్నే రుక్మిణమ్మ గారు పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటరు, గాజు జాడీ తీసుకొని భర్త ఎదుట బాసిపట్లు వేసుకొని కూర్చున్నారు. చల్లటి పచ్చిపాలు పోసి, లాక్టోమీటరు వదిలి, “సూడు నాయనా, నువ్వే సూడు. గీత యాడుండాదో నువ్వే సెప్పు” అన్నారు. ఆయన వంగి, కన్ను చికిలించి, చాలాసేపు చూశారు. వాసన చూశారు. అక్కడే, ఆయన కంటి ముందే కాచిన పాలలో ముందుగా తాము ఒక గుక్క తాగి, గ్లాసు అందించారామె. ఆయన తాగారు. ఆనాటి నుంచి ఈ పరీక్ష జరగని ఉదయం ఆ ఇంట్లో లేదు. శంకించినందుకు ఆమె మళ్ళీ ఏనాడూ ఆయనపై కోపగించలేదు.

వారి అనుభవాన్ని వదులుకోవడానికి ఇష్టపడని పాలకవర్గం, మరి రెండేళ్ళు సలహాదారుగా కొనసాగవలసిందిగా వారిని సవినయంగా కోరింది. వారు అంగీకరించలేదు. కారణం అడిగిన మాతో, కిందటి వారం జరిగిన ఒక సంగతి చెప్పారు. ఆ పొద్దు పరీక్ష ముగిసి, పాలు తాగాక, గంగాధరం గారు ఆమెను ఎగాదిగా చూసి, “పాలు బాగుండాయి. నువ్వెవురమ్మా?” అని అడిగారట. ముప్పయ్యేళ్ళకు పైబడిన కాపురంలో ఆ ప్రశ్న మొదటిసారి. నోటికి వచ్చిన మాట, “పాలు పరీక్ష జేసేదాన్నయ్యా” అన్నారట. ఆయన తల పంకించి, “అయితే రేపు గూడా నువ్వే రా. వేరేవాళ్ళని నేను నమ్మను” అన్నారట.

“రేపు గూడా నేనే పోవాల గదప్పా” అన్నారు రుక్మిణమ్మ గారు మాతో, కళ్ళు తుడుచుకుంటూ. “ఇంగ ఈడికెట్ల వచ్చేది?”

ఈ వ్యాసాన్ని అచ్చుకు ముందే వారు చదివి, తమ గురించి వాడిన విశేషణాలు చాలావాటిని రుజువు లేదని కొట్టివేశారు. ఇంటి సంగతి మాత్రం ముట్టుకోలేదు, “ఉండనీ. రెండూ ఒగటే అనుకొని మనిషిని మూల కూర్చోబెట్టేవాళ్ళు ఇంకా ఉండారు” అన్నారు. కావున సంఘ సభ్యులందరి పక్షాన మా ప్రార్థన కూడా వారు రుజువు అడగనంత చిన్నదిగానే ఉంచుతున్నాము. శ్రీ గంగాధరం గారు పిలిచే ప్రతి ఉదయమూ ఆయన ఎదుటికి వెళ్ళి కూర్చోగలిగేంత ఆరోగ్యాన్ని, ఆయనకంటే ఒక్క రోజైనా ఎక్కువ ఆయుష్షును ఏడుకొండలవాడు శ్రీమతి రుక్మిణమ్మ గారికి ప్రసాదించుగాక.