మాస్టారి పక్క కుర్చీ

బడి వదిలాక తరగతి గదిలో మాస్టారూ, చెవులు వినపడని ఒక అమ్మాయీ మాత్రమే మిగిలారు.

"గ్రూపు చర్చలో నువ్వు నోరే విప్పడం లేదు. అందుకే సున్నా వేశాను. ఏమైందమ్మా?"

"ఎవరేం మాట్లాడుతున్నారో తెలియదు సార్. అందరూ ఒకేసారి అందుకుంటారు."

"అందుకేగా నిన్ను నా పక్కనే కూర్చోబెట్టుకుంది. దగ్గరుంటే నా మాటైనా తెలుస్తుందని."

"నేను పెదాలు చూసి అర్థం చేసుకుంటాను సార్. పక్కనుంచి మీ చెవి ఒక్కటే కనిపిస్తుంది."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"ఏడాదంతా ఇంతేనా?"

"మొదటి రోజు నుంచీ సార్."

"మరి నాతో ఒక్క మాట చెప్పకపోయావా?"

"మా పిల్లని ఏరికోరి పక్కన కూర్చోబెట్టుకున్నారు, ఎంత మంచి మాస్టారో అని అమ్మ ఊరంతా చెప్పుకుంటోంది సార్. ఇంక నేనెలా చెప్పను?"

ఆ పిల్ల మొహం చూడలేక ఆయన బోర్డు వైపు తిరిగి, తుడిచిన బోర్డునే మళ్ళీ తుడవసాగారు.

"తప్పు నాదేనమ్మా. రేపటి నుంచి నాకెదురుగా కూర్చో. ఒక్కొక్కరే మాట్లాడేలా నేను చూస్తాను. నన్ను క్షమించు."

డస్టర్ పట్టుకునే ఇటు తిరిగారు. ఆ అమ్మాయి సంచీ భుజాన వేసుకుని ఓపిగ్గా నిలబడి ఉంది.

"ఏమన్నా అన్నారా సార్?"