మెయ్ గారిని ఎవరూ అడగలా

"పెద్దమ్మా, చర్చిలో ప్రార్థన చెయ్యమన్నా లేవవు, లైబ్రరీలో లేచి ఆ చైనా ఆయన్ని నిలదీశావంట?"

నిలదీయడం ఏంటే, ఒక్క మాట అడిగాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది నాకు.

ఈ అమెరికా ఊరు క్యారీలో పొద్దున్నే నాతో వాకింగ్‌కి వస్తుందే మెయ్ గారు, ఆవిడ మొగుడే ఆయన. చైనా ఎంబసీల్లో చేసి రిటైరయ్యాడు, ఇద్దరూ ఇక్కడ కూతురి దగ్గరుంటారు. ఆవిడా నేనూ హిందీలో మాట్లాడుకుంటాం. నాది మీ పెదనాన్న రైల్వేలో ఉన్నప్పుడు నాగపూర్ బజార్లో వచ్చిన హిందీ. డజను కమలాలు రెండు రూపాయలప్పుడు, కాదు, రెండున్నర... సరే, అదొదిలెయ్. ఆవిడది కాలేజీ హిందీ.

మొన్న లైబ్రరీలో మీటింగ్ పెట్టి పిలిస్తే ఆయన తనెట్టా పైకొచ్చాడో చెప్పాడు. మీ వదిన పక్కన కూర్చుని తెలుగులో చెబుతుంటే విన్నా. వరి పొలాల్లోంచి వచ్చాడంట. భాషల కాలేజీలో నువ్వు హిందీ చదువు అని వాళ్లే తేల్చేశారంట, ఇష్టం అడగలా. ఢిల్లీలో పెద్దోళ్ల మాటలు తర్జుమా చేసే పని, తర్వాత ఎంబసీలోనే థర్డ్ సెక్రటరీ, సెకండు, ఫస్టు, ఆ పైన కౌన్సిలరు. ఒక్కోదానికీ ఒక్కో ఫొటో. వాటిల్లో మెయ్ గారు ఎక్కడుందనుకున్నావ్? ఓ మూల, ట్రే పట్టుకుని. "మా ఆవిడ వంట బాగా చేస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు.

కాలేజీలో ఆవిడదీ అదే హిందీ క్లాసు కదే! ఆవిడకీ ఢిల్లీలో ఉద్యోగం ఇచ్చారు. పిల్ల పుట్టాక ఒకరు మానాలంటే ఈవిడే మానింది. ఆ ఎంబసీలోనే అతిథులకి వండిపెట్టింది, ఆయన హిందీ కాగితాలన్నీ దిద్దింది. ఇవన్నీ నాతో వానొచ్చేట్టుంది అన్నంత మామూలుగా చెప్పింది.

లేచాను. నాకొచ్చిన ఇంగ్లీషులో, "సర్, మీ క్లాస్‌లో ఫస్ట్ హూ?" అన్నా.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మై వైఫ్" అన్నాడు.

మెయ్ గారు లేచి నిలబడింది. ఆ మీటింగ్ నడిపే అమ్మాయి ఏం చేసిందో తెలుసా? చప్పట్లు కొట్టించి "నెక్స్ట్ క్వశ్చన్" అంది. ఎవరో ఢిల్లీ ఎండల గురించి అడిగారు. ఈవిడ నిలబడే ఉందే తల్లీ. కాసేపటికి తనే కూర్చుంది.

మర్నాడు నడుస్తూ, "ఉద్యోగం ఎందుకు మానేశావని అడగలేదేం? చెబుదామనే లేచా" అంది. అడుగుదును, హిందీలో అడిగితే అక్కడ కూర్చున్నోళ్లకి అర్థం కాదు, అంత ఇంగ్లీషు నా దగ్గరుంటేగా. ఐదో తరగతి దాన్ని, ఆ ఒక్క ముక్క రావడమే గగనమైంది.

అందుకే నిన్ను రమ్మన్నా. ఆ లైబ్రరీ అమ్మాయికి ఫోన్ చెయ్. ఈసారి మెయ్ గారిని పిలవమను, ఆవిడొక్కదాన్నే. ముందు వరసలో కూర్చుని నేనడగలేనిది నువ్వడుగు. దేవుడు నీకు మంచి నోరిచ్చాడు, అదెప్పుడూ అట్టాగే ఉండాలి తల్లీ. చెయ్, ఇప్పుడే చెయ్. నేనిక్కడే కూర్చుంటా...