గాలయ్య హాకీ కట్టె

మల్ల గదే మాటనా వదినా? నిన్నటి సంది కార్ఖాన్ల గదే లొల్లి, ఇప్పుడు నువ్వు సుత. కట్టె ఏది నాగయ్యా, కట్టె ఏది నాగయ్యా! జర కూసోనీ. పొద్దటి సంది మగ్గాల కింద దూరి బోల్టులు బిగిస్తున్న, నడుము పడిపోయింది.

గాలయ్యన్న పోయి ఏడాదాయె. బతికున్నప్పుడు ఎట్లున్నవని అడిగినోడు లేడు. ఇప్పుడు అంజూర్ ఫాటా కాడ మన నేతోళ్ల సంఘం హాల్ల రేపు పొద్దుగాల ఫోటో పెడ్తరట, కింద అద్దాల పెట్టెల ఆయన హాకీ కట్టె పెడ్తరట.

అన్న కొట్టిన దెబ్బకు గోలు పలక పగిలిందంటడు మన కార్ఖానా అంకుశం. కాదు, వల చింపుకొని పోయి చాయ్ బండి మీద పడ్డదంటడు దత్తాత్రి. ఇద్దర్ల ఒక్కడన్న ఉన్నడా ఆడ? నేనుంటి. పలకా పగల్లే, వలా చిరగలే. ఠప్‌మని సప్పుడైంది. కీపర్ ఇంక చెయ్యి లేపనేలేదు, బంతి లోపలుంది. గంతే. గది సాలదా ఈళ్లకు?

ఇప్పుడన్నీ ఫైబర్ కట్టెలు. గప్పుడేముండె? మల్బరీ కట్టె ఒక్కటి, బొటనేలు బయటికచ్చిన క్యాన్వాస్ బూట్లు. కట్టె పిడికి నువ్వే గద, కార్ఖానా గుడ్డ సుట్టి కుట్టిచ్చినవు. ఇగో, పట్టు కట్టె.

గట్ల సూడకు. సంచిలకెల్లి తీసిచ్చిన ఈ కట్టె పాత బజార్ల కొన్నదే. నల్లగైతదని మగ్గం నూనె రాసిన. హాల్ల ఎవనికి తెలుస్తది అనుకున్న. నువ్వు పట్టుకోంగనే గుర్తువట్టినవు.

అసలుది లేదు వదినా. నేనే కోసిన.

మీ అత్త సచ్చిపోతె మీరిద్దరు ఊరికి పోయిండ్రు సూడు, ఆరేండ్ల కింద? మీ ఒక్క అర్ర ఖోలిల జాగ లేదని అన్న ఆ కట్టెను కార్ఖానా దూలం మీదనే పెట్టెటోడు. గప్పుడే ఆయన మగ్గంల, పోగు మోసే నాడెను అటీటు కొట్టే కట్టె ఇరిగింది. సామాను దుకాణాలన్ని మూడొద్దులు బంద్. మగ్గం ఆగితె ఇంకొకనికిస్తనన్నడు సేఠ్. వాపసొచ్చే వరకు అన్నకు పని ఉండదేమో అని నాకు బుగులు. మీదికి సూసిన. వంకర కోసేసి, చిల్లు వెట్టి, మగ్గానికి బిగించిన. దుకాణం తెరిస్తె మారుద్దామనుకున్న. ఏడ తీరింది?

అన్న వచ్చి సూసిండు. కింద పడ్డ వంకర ముక్క తీసి, దుమ్ము తుడిచి, దూలం మీద పెట్టిండు. పోయి మగ్గం నడిపిండు. తిట్టినా అయిపోవు వదినా, ఒక్కటి సరిసినా అయిపోవు.

ఇరిగేదాక ఎనిమిది నెలలు నడిచింది. ఆయన కట్టె ఆయన ముంగటనే నిమిషానికి నూరు సార్లు నాడెను కొడుతుంటె, తెగిన పోగులు అతుక్కుంట నిలవడ్డడు.

మల్ల మైదానం దిక్కు పోలే. మోకాలు నొస్తుందని నీకు చెప్పిండు గద?

మోకాలు మంచిగనే ఉండె వదినా.