పోయొస్త మేడం

లేదు, ఫోన్ చెయ్య. ఎన్నిసార్లు అడిగినా గదే మాట. నువ్వు పొద్దుగాల మొగుడంపల్లిల బస్సెక్కి, నా గిర్నిలకొచ్చి మొఖం ఉబ్బిచ్చుకొని కూసుంటె, నేను కోడలికి ఫోన్ చేసి ఎనుకకు రమ్మంట అనుకున్నవా రేవణసిద్ధప్పన్నా?

కుర్చీ జర ఇటు జరుపుకో. ఆడ పిండి పడతది. నీ ధోతి ఎట్లన్న తెల్లదే అనుకో, మీసాలు సుత తెల్లగైతయి.

చాయ్ తాగు, సల్లారిపోతది.

అక్షత మొదటి బస్సుకే పోయింది. ఈపాటికి హైదరాబాద్ ముట్టే ఉంటది. వీసా ఆఫీసుల వేలిముద్రలు తీస్కుంటరంట, ఫోటో దింపుతరంట. గంతే పని. మాపటీలికి వస్తది. నీ బిడ్డను చూడాలె అనుకుంటె ఉండు, రొట్టె చేస్త, తిందువు. గాదు, ఆ పని గాకముందే రప్పియ్యాలె అంటె మాత్రం అది నాతోని గాదు.

ఏందీ? నా మాటైతె వింటదా?

వింటది. అందుకే చెప్ప.

రేపు బీదర్ కెల్లి ఆ సుదర్శన్ వాళ్ళు చూడనీకి వస్తున్నరంట గదా. నువ్వు చెప్పలే. ఎదురింటి సీతాబాయి చెప్పింది. మా కోడలికి పెండ్లి సంబంధం వచ్చిన సంగతి నాకంటె ముందు సీతాబాయికి తెలిసింది. నీకు మంచిగనే అనిపిచ్చిందా గట్ల?

బట్టల దుకాణం ఉన్నదంట, పెండ్లాం చచ్చిపోయిందంట, ఇద్దరు పిల్లలంట. మంచోడే గావచ్చు. నేను చెడ్డోడు అంటలేను. నీ బిడ్డను అడిగినవా? నన్ను అడిగినవా అంటలే. నన్నెందుకడుగుతవు, నా కొడుకే లేనంక.

ఊర్లె ఏమంటున్నరో నాకెరికే. కోడల్ని దేశం దాటిస్తుంది ఈ ముసల్ది, ఇల్లు, గిర్ని తనొక్కతే తిందామని. తింట. రెండు అర్రలు, ఒక గిర్ని. ఎన్ని దినాలు తింట?

నీకు సుత ముట్టింది ఆ మాట. నమ్మినవా?

నమ్మకుంటె కిందికి చూస్తవెందుకు.

నా కొడుకు మంజునాథ్ చనిపోయి నెల గాకముందే వచ్చినవు నువ్వు. సామాను సదురుకో బిడ్డా అన్నవు. నేను ఉండుమనలే, పొమ్మనలే. ఆమెనే రాను అన్నది. మెడికల్ షాపుల నౌకరి ఉన్నది నాయనా, ఈడ్నే ఉంట అన్నది. నేను బుద్ధిమంతురాలు అనుకున్న. తర్వాత ఒకనాడు రొట్టెలు తింటుంటె చెప్పింది, పెండ్లికి ముందే బయటి దేశంల మందుల చదువు చదువుత అన్నదంట నీతోని. ఆడపిల్లకు గంత దూరం ఏం అవసరం అని నువ్వు లగ్గం చేసినవంట. గదీ సంగతి. లగ్గం అయిపోయింది, మొగడు పోయిండు, చదువు మాత్రం ఆమె తలకాయల గట్లనే ఉన్నది. పోనీ, చదువుకో అన్న.

పైసలు ఎక్కడియి అని అడుగుతవేమో. మంజునాథ్ పోయినందుకు బీమా పైసలు వచ్చినయి. ఆమె పెనిమిటియి, ఆమె చదువుకే. అండ్ల నీది లేదు, నాది లేదు.

ఇంటర్వ్యూ ముచ్చట చెప్పిందా నీకు? చెప్పలే గదా. సిగ్గు ఆమెకు. నేను చెప్త, విను.

ఇంగ్లాండుల కాలేజీ. ఆ ఊరి పేరు నా నోట్లె తిరగది. సీటు ఇయ్యాలంటె ముందు కంప్యూటర్ల మాట్లాడుతరంట. ఒక తెల్ల మేడం. ఏం చదువుతవు, ఎందుకు చదువుతవు, చదివినంక ఏడికి పోతవు, అన్నీ అడుగుతదంట. ఆ రోజు నేను గిర్ని బంద్ పెట్టిన. కంప్యూటర్ల గిర్ని సప్పుడు పడొద్దు గదా. జొన్నల సంచులు పట్టుకొచ్చినోళ్ళు బయట లైను కట్టిన్రు. నేను గడప కాడ నిలవడి, నోటి మీద వేలు పెట్టి అందర్ని ఊకోబెట్టిన.

సీతాబాయి వచ్చి, "ఏమైంది బసమ్మా, ఎవరన్న పోయిన్రా?" అన్నది మెల్లగ. ఎవరూ పోలే, మా కోడలికి పరీక్ష నడుస్తుంది అన్న. పాపం, అందరూ గట్లనే నిలవడ్డరు. ఒకాయనకు దగ్గొస్తె నోటికి తువ్వాల అడ్డం పెట్టుకొని సందు చివరికి ఉరికిండు. ఆడ దగ్గి మళ్ళ వచ్చిండు.

మంచిగనే చెప్పింది పోరి. నాకు ఇంగ్లీషు రాదు, గొంతు తెలుస్తది గదా. మొదట్ల ఒణికింది, తర్వాత సదురుకున్నది. నడుమల ఆ మేడం, ఇప్పటిదాక చెప్పిన దాంట్ల ఇంకేమన్న చెప్తవా అని అడిగిందంట. అయిపోయినట్టుంది అనుకున్నది మనామె. ఏమన్నదో తెలుసా?

"ఐ విల్ గో అండ్ కమ్ మేడం" అన్నది. నమస్తె పెట్టింది, కంప్యూటర్ మూసింది.

నవ్వకు. నవ్వే ముచ్చట గాదు, జర ఆగు.

పోయొస్త మేడం అన్నది, గంతే. ఇంట్లకెల్లి ఎల్లేటప్పుడు పోత అంటమా ఎవరమన్న? పోయొస్త అంటం. మీ ఇంట్ల కన్నడంల సుత "హోగి బర్తీని" అనే అంటరు గదా. పుట్టినకాడికెల్లి నాలిక మీద ఉన్న మాట. భయంల ఇంగ్లీషై బయటికొచ్చింది. తప్పేమున్నది?

తప్పేందంటె, ఆ మేడం కూసున్నదంట. పోయొస్త అన్నది గదా, వస్తదని. నీళ్ళు తాగనీకి పోయిందో, పొయ్యి మీద పాలు దించనీకి పోయిందో అనుకొని ఆడ్నే కూసున్నది పాపం. ఆమె అడిగేటివి ఇంకా మస్తున్నయంట. ఈడ మేం గిర్ని మళ్ళ చాలు చేసినం. మా కోడలు పాసైంది అని లైన్ల ఉన్నోళ్ళందరికి చాయ్ పోసిన నేను. సీతాబాయి చక్కెర తక్కువైంది అన్నది.

తర్వాత కొన్ని దినాలకు మెయిల్ వచ్చింది. మాట్లాడుకుంట మాట్లాడుకుంట నువ్వు లేచి పోయినవు, మళ్ళ రాలే, సీటు లేదు అని.

ఏడ్వలే ఆమె. ఈ గిర్ని కాడికొచ్చి, జల్లెడ తీస్కొని జల్లిస్తనే కూసున్నది. జల్లెడల పిండి లేదు. ఏమనాలె? ఉత్త జల్లెడను జల్లించేటోళ్ళతోని ఏం మాట్లాడుతం.

హైదరాబాద్ల ఈ కాగితాల పని చూసే పూజ మేడం ఉన్నది. ఆమెకు ఫోన్ చేసి చెప్తె ఆమె జరసేపు నవ్వి, తర్వాత కాలేజీకి రాసింది. మాదిక్కు ఎల్లిపోయేటప్పుడు గిట్లనే అంటరు, అది మర్యాద, పిల్ల తప్పు లేదు అని. వాళ్ళు సుత మంచోళ్ళే. ఇంకొక్కసారి మాట్లాడుతం అన్నరు.

గప్పుడు నేను దిగిన రంగంలకు. రోజు మాపటీలి రొట్టెలు కొట్టుకుంట నేను తెల్ల మేడం, ఆమె ఆమెనే. "ఇగ మాటలు అయినయి, ఏమంటవు?" అంట నేను. "థాంక్యూ మేడం, బై" అనాలె ఆమె. నోరు తెరిస్తె పోయొ... అనే వస్తుండె. చీపురు కట్ట చూపెట్టిన. ఆమె నవ్వుకుంట గోడకు జరుగుతుండె. మంజునాథ్ పోయినంక ఆమె నవ్వుడు నేను గప్పుడే చూసిన.

ఆ మాట మీద నాకేం భక్తి లేదన్నా. మావోడు సుత పోయొస్తనే అన్నడు ఆ రోజు. చెప్పులేసుకుంట అన్నడు. నేను తలకాయ ఎత్తకుంటనే ఊ అన్న. చిరాగ్‌పల్లి కాడ లారీ కింద పడ్డడు. ఆ మాట అన్నడని లారీ ఆగిందా?

గ్లాసు ఇటియ్యి. కింద పెడితె చీమలు వస్తయి.

రెండోపారి నేను లోపల్నే కూసున్న, కంప్యూటర్‌కు ఎనుక దిక్కు. బై అనుడు మరిస్తె సైగ చేద్దామని. ఆమె ఇంగ్లీషుల మాట్లాడుతుంది, నేను ఆమె మొఖమే చూస్తున్న. గంత ఇంగ్లీషుల ఒక్క మాట నాకు సమజైంది. అత్తమ్మ.

నేను ఉలిక్కిపడ్డ. నా పేరెందుకొచ్చింది ఆడ?

బై మంచిగనే చెప్పింది. కంప్యూటర్ మూసినంక అడిగిన, నా మీద చాడీలు చెప్పినవా తెల్లామెకు అని. నవ్వింది. రాత్రి పిండి పిసుక్కుంట చెప్పింది. చదువైనంక మీ దేశం ఎందుకు పోతవు, ఎవరున్నరు నీకు అని అడిగిందంట మేడం. మా అత్తమ్మ ఉన్నది అన్నదంట. అత్తమ్మ అంటె ఎవరు అన్నదంట. నా పెనిమిటి తల్లి అన్నదంట. నీ పెనిమిటి లేడు గదా అన్నదంట ఆమె.

అయినా ఆమె ఉన్నది గదా అన్నదంట నీ బిడ్డ.

అవును, నాయన ఉన్నడని చెప్పలే. నువ్వు గట్ల బాధపడకు, ఆ నిమిషంల నోటికొచ్చింది చెప్పింది.

నాకు కోపమొచ్చింది. నిజంగనే కోపం. నేను నిన్ను ఈడికెల్లి ఎల్లగొట్టాలని చూస్తుంటె, నువ్వు నన్ను చూపెట్టి మళ్ళ వస్త అంటవా అన్న. "సీటు కోసం చెప్పిన అత్తమ్మా, గట్ల చెప్తె ఇస్తరంట" అన్నది. సీటైతె ఇచ్చిన్రు. సీటు కోసమే చెప్పిందో, ఏందో. నేను మళ్ళ అడగలే. నువ్వు అడగకు.

ఆ, ఇప్పుడు దొరికింది నీకు మాట. ఆమె పోతె నువ్వొక్కదానివి ఏం చేస్తవు అంటవు. నేను ఎదురు చూస్తనే ఉన్న, ఎప్పుడంటవా అని.

గిర్ని ఉన్నది. పొద్దుకెల్లి జనం వస్తరు. ఈ సప్పుడుల ఎవరి మాటా ఎవరికీ వినపడది, చేతులతోనే చెప్పుకుంటం. జొన్నలా, గోధుమలా, సన్నమా, దొడ్డా. మాపటీలి బంద్ పెట్టినంక జరసేపు చెవులల్ల గుయ్‌మంటది. అది తగ్గే యాళ్ళకు ఆమె మెడికల్ కెల్లి వస్తుండె. ఇగ రాదు. చెవులు గుయ్‌మన్నన్ని సేపు కూసుంట, తర్వాత లేస్త. ఒక్కదానికోసం పిండి పిసుకుడు నాకు చేతగాదు. పొద్దుటి అన్నం తింట. దానికి ఎవరన్న చస్తరా?

ఒకటి చెప్త విను. నువ్వు నన్ను అడిగేది నాకు ఇష్టం లేని పని అనుకుంటున్నవు. అదే నీ తప్పు. ఇప్పుడు ఫోన్ చేసి రా బిడ్డా అంటె, ఆ ఆఫీసు మెట్ల మీద ఉన్నా దిగి వస్తది. నీ ఇంటికి రాదు, సుదర్శన్ దగ్గరికి పోదు. ఈడికే వస్తది, నా తాన్నే ఉంటది, నేను పోయేదాక. ఇగో, ఫోన్ ఈడ్నే ఉన్నది, నా కొంగుల. నువ్వు అడగాల్నా నన్ను?

అందుకే కొంగు ముడేసి పెట్టిన.

ఆగు. మోగుతుంది. ఆమెనే. నువ్వు మాట్లాడకన్నా. నీకు దండం పెడ్త, జర ఊకో.

హలో. ఆ, చెప్పు. ముట్టినవా? మంచిది. లైన్ల ఉన్నవా? తిన్నవా ఏమన్న? సంచిల రొట్టె పెట్టిన గదా, పల్లి చట్నీ సుత ఉన్నది, నిలవడే తిను, ఎవరు చూస్తరు ఆడ. ఏందీ? మీ నాయనా?

రాలే. ఎవరూ రాలే.

సీతాబాయి ఫోన్ చేసిందా? ఆమెకు కండ్లు కనవడతయా మంచిగ. తెల్ల ధోతి కట్టినోళ్ళందరు మీ నాయనేనా? ఆయన అల్లం చేన్ల ఉంటడు ఈపాటికి. నువ్వు ఎనుకకొస్త గినొస్త అనకు. పెట్టెయ్, నీ నంబరు పిలుస్తరు.

ఏంది గట్ల చూస్తున్నవు? అబద్ధం చెప్పిన. నీ ముంగటనే చెప్పిన. నేను ఈడ్నే ఉన్న బిడ్డా అని నువ్వు ఒక్క మాట అంటె అయిపోతుండె. ఫోన్ గుంజుకుంటె నేను ఆపుతుంటినా? గంత పెద్ద మనిషివి.

ఎందుకు గుంజుకోలేదన్నా?

సుదర్శనోళ్ళకు ఏం చెప్తవో చెప్పుకో. నా మీద పెట్టు, అత్త పంపిచ్చింది అను. ఊరంతా గదే అంటున్నరు, నువ్వొక్కనివి అంటె నాకేం బరువైతది.

లేస్తున్నవా? మాపటీల్దాక ఉంటె బిడ్డ మొఖం చూసి పోదువు. సరే, నీ ఇష్టం. ఉంటె నేను అబద్ధమాడిన సంగతి బయటపడతది, అది సుత నిజమే. తొవ్వల సీతాబాయి పలకరిస్తె నిలవడకు.

ఒక్క మాట అన్నా.

ఆమె పోయినంక అప్పుడప్పుడు రా. ఊకెనే రమ్మంటె నువ్వు రావు, నేను సుత పిలువ. జొన్నలు పట్టిచ్చుకోనీకి రా. మీ ఊర్ల గిర్ని ఉన్నదని నాకెరికే. మీ ఇంటికి నాలుగడుగులే. అయినా ఈడికి తే. జరసేపు కూసొని పో.

పైసలు మాత్రం తీస్కుంట.