తొట్టి ఊడ్చే రొయ్య

అద్దాల తొట్టెల్లో పెంచుకునే సముద్రపు చేపలమ్మే కొట్టు తెరిచీ తెరవకముందే ఒకావిడ గబగబా వచ్చి, చేతిరుమాలు విప్పి బల్లమీద పెట్టింది. అందులో ఎర్రచారల రొయ్య ఉంది. బోణీ బాగానే ఉందనుకున్నాడు కొట్టతను.

“అచ్చం ఇలాంటిదే ఇంకొకటి ఇవ్వండి. ఎంతైనా సరే.”

“తొట్టి ఊడ్చే రొయ్య కదమ్మా ఇది! ఏమైంది?”

“పొద్దున లేచేసరికి తొట్టిలో ఇసుకమీద పడుంది. మా ఆయన ఆసుపత్రి నుంచి రోజూ ఫోన్ చేసి ముందు దీని సంగతే అడుగుతారు, తర్వాతే నన్ను. మధ్యాహ్నం ఇంటికొచ్చేస్తున్నారు.”

అతను దాన్ని ఎత్తి వెలుగులో చూశాడు. లోపల ఏమీ లేదు. నోటిదాకా వచ్చిన ధరను మింగేశాడు.

“ఇది చావలేదమ్మా, చొక్కా విప్పింది. ఒళ్ళు పెరిగినప్పుడల్లా పాత డొల్ల వదిలేస్తుంది. కొత్తది గట్టిపడేదాకా రెండు రోజులు రాళ్ళ సందుల్లో దాక్కుంటుంది.”

“దాక్కోకపోతే?”

“ఒళ్ళు మెత్తగా ఉంటుందిగా, చేపలు పీక్కుతింటాయి.”

ఆవిడ ముఖం పాలిపోయింది.

“ఇంకేవైనా చచ్చాయేమోనని రాళ్ళన్నీ తీసి బకెట్లో పెట్టొచ్చానండీ. నత్తలు తొమ్మిదీ బాగానే ఉన్నాయి...”

“చేపలకి మేత వేశారా?”

“ఈ కంగారులో ఎక్కడ వేశాను!”

అతను షట్టర్ సర్రున కిందికి లాగేశాడు.

“బండెక్కండి.”

“మరి మీ కొట్టు?”

“ఇదెక్కడికీ పోదు. ఎక్కండమ్మా!”

ఆవిడ సంచిలో ఫోన్ మోగింది.

“ఆయనే! ఏం చెప్పను?”

“రాళ్ళు సర్దేదాకా ఎత్తకండి.”